రివర్స్ గేర్

డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చిన ఇరవై ఏళ్ళకి మళ్ళీ డ్రైవింగ్ స్కూల్లో చేరాను నేను. చమత్కారానికి అంటున్న మాట కాదిది. 1998లో లైసెన్సు వచ్చింది. అప్పుడు నాకు ముప్ఫై మూడేళ్ళు. రాజమండ్రిలో కాలేజీకి, మార్కెట్‌కి, పిల్లల స్కూలుకి మూడేళ్ళు కారు నడిపాను. ఆ తర్వాత పదిహేడేళ్ళు స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ నన్ను అడగలేదు. ఆడవాళ్ళు ఏదైనా మానేస్తే ఎవరూ కారణం అడగరు కదా, మొదలుపెడితేనే అడుగుతారు!

2001 సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్ళాం. శృంగవరపుకోట దాటాక, "ఘాట్ రోడ్డు నేను నడపనా?" అని సరదా పడి అడిగాను. మా ఆయన ఒప్పుకున్నారు. అనంతగిరి ఇంకా కాస్త దూరం ఉందనగా ఓ మలుపులో పైనుంచి బస్సు ఎదురొచ్చింది. వెనక్కి తీస్తే తప్ప రెండూ పట్టవు. రివర్స్ వేశాను. కారు ఒక అడుగు జారింది. వెనక పిల్లలిద్దరూ కెవ్వుమన్నారు. అంతే, మా ఆయన చెయ్యి చాచి హ్యాండ్ బ్రేక్ లాగేశారు. "దిగు" అన్నారు. అరవలేదు, తిట్టలేదు. ఆ ఒక్క మాటే. దిగాను. బస్సు కిటికీల్లోంచి నలభై మంది చూస్తుండగా కారు ముందు నుంచి నడిచి, అటువైపు వెళ్ళి కూర్చున్నాను. ఆయన ఒక్క ఊపున వెనక్కి తీసి పక్కన పెట్టారు. బస్సు డ్రైవరు ఆయనకేసి చూసి చెయ్యెత్తి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చుట్టాలందరి ముందూ ఆ కథ ఆయనే చెప్పేవారు. "మీ అక్క అరకులో మమ్మల్ని నలుగుర్నీ లోయలో దింపేదే!" అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అందరికంటే కాస్త ఎక్కువే నవ్వేదాన్నేమో.

మా ఆయన చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. చెడ్డవాళ్ళ గురించి రాయడం తేలిక. 2018లో షుగర్ వల్ల ఆయన చూపు తగ్గింది. రాత్రిళ్ళు కారు నడపొద్దన్నాడు డాక్టరు. అప్పుడు ఇంట్లో అందరికీ నా పాత లైసెన్సు గుర్తొచ్చింది. దాని గడువు ఎప్పుడో తీరిపోయిందన్న సంగతి నాక్కూడా తెలీదు. ఇష్టంతో నేర్చుకున్న విద్యని సిగ్గుతో వదిలేసి, ఇంటి అవసరం కోసం మళ్ళీ నేర్చుకున్నాను. నేను నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్న ఆయన కుడి కాలు, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉండేది.

డ్రైవింగ్ స్కూల్లో ఇచ్చిన పల్చటి పుస్తకంలో ఓ నియమం చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. కొండ దారుల్లో, రెండు బండ్లు పట్టని చోట, ఎక్కుతున్న బండికి దిగుతున్న బండి దారి ఇవ్వాలి. మర్యాద కొద్దీ కాదు, రహదారి నియమాల్లో రాసి ఉన్న మాట. ఆ రోజు అనంతగిరి ఘాట్‌లో ఎక్కుతున్నది నేను!

ఇదంతా చెబితే గానీ కుంజుమ్ సంగతి చెప్పలేను.

మా కాలేజీలో సబ్జెక్టు పేరే మనిషి పేరు. నేను తెలుగు మేడమ్‌ని. తను హిస్టరీ మేడమ్. పెళ్ళి చేసుకోలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు స్కూటరు నడపడం వింతగా ఉన్న రోజుల నుంచీ స్కూటరు మీద తిరిగిన మనిషి. 2022లో రిటైరయ్యాక ఒక రోజు వచ్చి, "మా అక్క కూతురు చండీగఢ్‌లో ఉంది. కారిస్తానంటోంది. స్పితి వెళ్దాం. మీరు సగం, నేను సగం నడుపుదాం" అన్నారు. సరేననేశాను. తర్వాత మ్యాపు చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు.

స్పితి లోయకి రెండు వైపుల నుంచి వెళ్ళొచ్చు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేది ఒకటి. మనాలి వైపు నుంచి కుంజుమ్ కనుమ ఎక్కి దిగేది రెండోది. పూర్వం ఈ రెండో దారిలో ముందు రోహ్‌తాంగ్ కనుమ దాటాల్సి వచ్చేది. 2020 అక్టోబరులో దాని కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. పచ్చటి దేవదారు అడవిలో లోపలికి వెళ్ళి, పది పన్నెండు నిమిషాల్లో బోడి కొండల మధ్య బయటికొస్తాం. ఎత్తు అలవాటు కావడానికి సిస్సులో రెండు రాత్రులు ఆగాం. మూడో రోజు తెల్లవారుజామున కోక్సర్ దాటి గ్రాంఫూ దగ్గర స్పితి దారి పట్టాం.

కాసేపటికి తారు అయిపోయింది. మేం వెళ్ళిన ఆ సెప్టెంబరులో, అక్కడి నుంచి కనుమ దాటేదాకా దాదాపు అంతా కంకరా, గుండ్రాళ్ళూ, దుమ్మే. ఎడం పక్క చంద్రా నది, బూడిద నీళ్ళు కలిపినట్టుండే రంగులో. కుడి పక్క నుంచి మంచు కరిగిన వాగులు రోడ్డు మీదకే వచ్చి, రోడ్డునే తమ దారి చేసుకుని నదిలోకి దూకుతుంటాయి. వంతెనలు అన్నింటికీ లేవు. నీళ్ళలోంచే దాటాలి. పొద్దున్నే దాటితే మోకాలి లోతు లోపు. ఎండెక్కి మంచు కరిగితే అదే వాగు మధ్యాహ్నానికి కారుని ఆపేస్తుంది. అందుకే అక్కడ ప్రయాణాలన్నీ చీకటితోనే మొదలవుతాయి.

తారు రోడ్డు మీద నేర్చుకున్న అలవాట్లు కంకర మీద పనికిరావు. రాయిని తప్పించబోతే కారు పొట్టకి తగులుతుంది, కాబట్టి రాయి మీదకే చక్రం ఎక్కించాలి. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు ఆగుతాయి గానీ కారు ఆగదు, జారుతూనే ఉంటుంది. ఎక్కేటప్పుడు మధ్యలో గేరు మారిస్తే ఊపు పోతుంది, మళ్ళీ కదిలించాలంటే చక్రం కంకరని వెనక్కి చిమ్ముతూ గుంట తవ్వుకుంటుంది. ఒకటో గేరులో, ఒకే వేగంతో, నింపాదిగా పోతూ ఉండాలి. గంటకి పది పదిహేను కిలోమీటర్లు. స్టీరింగుని గట్టిగా బిగించి పట్టుకుంటే ప్రతి కుదుపూ భుజాల్లోకి వస్తుంది. వదులుగా పట్టుకోవాలి, వదిలెయ్యకూడదు. ఈ సంగతి గంటలోనే నా చేతులకి తెలిసింది. మనసుకి తెలియడానికి ఇంకొంచెం టైము పట్టింది.

ఛత్రూ దాకా నేను నడిపాను. అక్కడి నుంచి హిస్టరీ మేడమ్ తీసుకున్నారు. తను నాకంటే బాగా నడుపుతారు. అయినా మొదటి వాగు రాగానే నా నోట్లోంచి "జాగ్రత్త!" అని వచ్చింది. తర్వాత "స్లో, స్లో" అన్నాను. తర్వాత "రాయి! రాయి!" అని అరిచాను. ఒక మలుపులో "బ్రేక్!" అని కేకేసి, చెయ్యి చాచి హ్యాండ్ బ్రేక్ మీద వేశాను.

వేసిన చేతిని చూసుకున్నాను. అది నా చెయ్యే. కానీ ఆ కదలిక నాది కాదు. ఆ చాచడం, ఆ పట్టుకోవడం ఇరవై ఒక్క ఏళ్ళ కిందట అనంతగిరి ఘాట్‌లో చూసిందే.

తను కారాపారు. ఇంజను తీసేశారు. నది హోరు తప్ప ఏమీ లేదు. "తెలుగు మేడమ్, అందాకట్నించీ మీ కుడి కాలు చూస్తున్నాను" అన్నారు. కిందికి చూశాను. పాదం ముందుకి నొక్కిపెట్టి, పిక్క బిగుసుకుపోయి ఉంది.

ఆ రోజు చాలా సేపు మేం మాట్లాడుకోలేదు. తనకి కోపం వచ్చిందని కాదు. నాకు సిగ్గేసింది. మగవాళ్ళ పెత్తనం గురించి క్లాసుల్లో, సభల్లో ఎన్నిసార్లు మాట్లాడి ఉంటాను! అది బయటెక్కడో ఉంటుందనీ, మనం దాని బాధితులమనీ కదా అనుకుంటాం. పక్క సీట్లో కూర్చోబెడితే అది నా కాల్లోంచి, చేతిలోంచి వచ్చింది. అవతలి మనిషి నడుపుతుంటే నమ్మి ఊరుకోవడం నాకు రాదు. నన్నెవరూ నమ్మి ఊరుకోలేదు మరి. భయాన్ని ప్రేమ పేరుతో తీసుకున్నదాన్ని, ప్రేమ పేరుతోనే ఇంకొకరికి అందించబోయాను.

బాతల్ చేరేసరికి తల పగిలిపోతోంది. నాలుగు వేల మీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది ఆ చోటు. ఊరు కాదు. రాళ్ళు పేర్చి పైన టార్పాలిన్ కట్టిన ధాబాలు రెండు మూడు. ఫోన్లు పనిచెయ్యలేదు. వేడి వేడి అన్నం, పప్పు, ఎన్ని దుప్పట్లు కావాలంటే అన్ని. నీళ్ళు సరిగ్గా తాగారా అని అడిగింది ధాబా ఆవిడ. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. పొద్దుట్నించీ ఇద్దరం కలిసి అర లీటరు కూడా తాగలేదు. కారణం ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది. దారంతా మగవాళ్ళు లారీ పక్కన నిలబడి కానిచ్చేస్తున్నారు. చెట్టన్నది లేని ఆ బోడి కొండల్లో మా ఇద్దరికీ చాటు ఎక్కడుంది? ఎత్తులో నీళ్ళు తాగకపోతే తలనొప్పీ, వాంతులూ ముదురుతాయని తెలుసు. తెలిసి కూడా గొంతు ఎండగట్టుకున్నాం. స్కూల్లో బాత్రూము లేదని పొద్దుట్నించి సాయంత్రం దాకా నీళ్ళు తాగని ఆడపిల్లల గురించి వ్యాసాలు రాశాం మేమిద్దరం! మర్నాడు పొద్దున కారు తలుపులు రెండూ తెరిచి మధ్యలో చున్నీ కట్టాం. అరవై ఏళ్ళ హిస్టరీ మేడమ్, యాభై ఏడేళ్ళ తెలుగు మేడమ్, వంతులవారీగా కాపలా. హాయిగా నవ్వుకుని, కడుపునిండా నీళ్ళు తాగి బయల్దేరాం.

బాతల్ నుంచి కనుమకి పన్నెండు కిలోమీటర్లు లేదు. అంతా మెలికల ఎక్కుడు. నడపడం నా వంతు. రెండో మెలిక దాటాక రోడ్డు పని జరుగుతోంది. ఇద్దరు మగవాళ్ళు పారలతో ఎత్తుతున్నారు. ఆరేడుగురు ఆడవాళ్ళు. ఒకామె సుత్తితో రాయి కొడుతోంది, మిగతావాళ్ళు తట్టలతో కంకర మోసి రోడ్డు అంచున పోస్తున్నారు. స్వెట్టర్ల మీద చీరలు, ముక్కుకి అడ్డంగా గుడ్డలు. రోడ్డు వారగా ఒక నీలి టార్పాలిన్ కింద చంటిపిల్ల నిద్రపోతోంది. కాళ్ళకి మాత్రం చెక్కుచెదరని కొత్త ఎర్ర సాక్సు.

దారి సర్దేదాకా ఆగమన్నారు. దిగి మాట కలిపాం. రాయి కొట్టే ఆమెకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. జార్ఖండ్‌లో దుమ్కా వైపు నుంచి వచ్చింది, మొగుడితో కలిసి. మంచు కరిగాక వస్తారు, మళ్ళీ మంచు పడేలోపు వెళ్ళిపోతారు. నాలుగేళ్ళుగా వస్తోంది.

"పైన గుడి చాలా బాగుంటుందటగా?" అని అడిగాను, ఏదో అడగాలని.

"ఏమో దీదీ, నేను చూడలేదు" అంది.

పది కిలోమీటర్ల పైనున్న గుడి, నాలుగేళ్ళుగా చూడలేదు. ఆమె ముక్క ఇంతవరకే. లారీలో తెచ్చి ఇక్కడ దింపుతారు, సాయంత్రం తీసుకుపోతారు. కారులో రమ్మన్నాం, వచ్చేటప్పుడు ఏదో బండిలో దిగిపోవచ్చు కదా అన్నాం. నవ్వింది. "హాజరు పోతుంది." అంత తేలిగ్గా రమ్మన్నందుకు మాకే బుద్ధి లేదనిపించింది.

క్లాసులో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర పాఠం చెప్పేదాన్ని. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీకి వెళ్ళి వచ్చిన కథ. దారి, సత్రాలు, ధాన్యం ధరలు, నదులు, అన్నీ రాశాడాయన. ఆ పల్లకీలు మోసిన బోయీల కాళ్ళ గురించి పిల్లల్ని ఆలోచించమనేదాన్ని. ఆయనతో వెళ్ళిన ఆడవాళ్ళు ఆ దారిని ఎలా చూసి ఉంటారో రాయమనేదాన్ని. అక్కడ, ఆ కంకర కుప్ప పక్కన, నేను ఏ పక్కనున్నానో నాకు తెలిసొచ్చింది. నేను నడుపుతున్నాను నిజమే. కానీ నన్ను మోస్తున్నవాళ్ళు ఉన్నారు.

దారి వదిలారు. కారెక్కబోతుంటే ఆమె రెండడుగులు వేసి వచ్చింది. "దీదీ, మీరేనా నడిపేది?" అని అడిగి, చేత్తో చూపించింది. "పైన రెండు మలుపులదాకా లోయ వైపు అంచు మేం మొన్న పోసిందే. ఇంకా గట్టిపడలేదు. చూడ్డానికి రోడ్డులాగే ఉంటుంది. దాని మీదకి పోకండి."

ఆ రెండో మలుపులోనే లారీ ఎదురైంది.

లోడుతో దిగుతోంది, కొండ వైపుకి ఆనుకుని. మా ఎడం పక్క లోయ. లారీ ఆగింది, నేనూ ఆపాను. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పక్కకి, ఇంకా పక్కకి అని ఊపుతున్నాడు. అతను చూపిస్తున్నది ఆ అంచునే. చూడ్డానికి రోడ్డులాగే ఉంది. చదునుగా, నున్నగా, పిలుస్తున్నట్టుగా ఉంది. ఆమె చెప్పి ఉండకపోతే పోయేదాన్ని. తప్పకుండా పోయేదాన్ని. పక్కకి జరగమంటే జరగడం నాకు బాగా వచ్చిన పని.

జరగలేదు. హారన్ కొట్టాడు. జరగలేదు. క్లీనర్ కుర్రాడు దిగి వచ్చాడు. కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, వెనక సీటు కూడా చూసి, "మీతో మగవాళ్ళెవరూ లేరా?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు. నిజంగానే వెతికాడు పాపం.

హిస్టరీ మేడమ్ తలుపు తీసుకుని దిగారు. "ఎందుకు లేరు? నువ్వున్నావుగా. రా, వెనక చక్రం చూద్దువుగాని" అన్నారు.

రూలు నా వైపుంది. ఎక్కుతున్నది నేను. అతనే వెనక్కి తియ్యాలి. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ రూలుని పట్టుకుని అక్కడే కూర్చుందామని ఒక్క క్షణం ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. కానీ లోడు లారీ ఆ కంకర మీద ఎత్తు వైపుకి రివర్స్‌లో ఎక్కాలంటే చక్రాలు తిరిగి తిరిగి గుంట తవ్వుతాయి. జారితే మా మీదకే జారుతుంది. మా వెనక నూట యాభై అడుగుల దూరంలో, మలుపు లోపలి వైపు, రోడ్డు వెడల్పుగా ఉంది. వచ్చేటప్పుడు చూశాను. కొండ దారిలో ప్రతి వెడల్పు చోటునీ గుర్తుపెట్టుకుంటూ నడపాలని డ్రైవింగ్ స్కూల్లో చెప్పలేదు, ఆ రెండ్రోజుల్లో దారే నేర్పింది.

రివర్స్ వేశాను.

మేమిద్దరం ముందే ఒప్పందం చేసుకున్నాం, అవసరమైతే తను రెండే మాటలనాలని. రండి, ఆగండి. జాగ్రత్త అన్న మాట లేదు. అద్దంలో తను కనిపిస్తున్నారు, దుమ్ములో, నీలం మఫ్లరు కట్టుకుని, అరచేయి నెమ్మదిగా ఊపుతూ. "రండి." చక్రం కింద కంకర నలుగుతున్న చప్పుడు. "రండి." ఎడం వైపు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ లేదు. నా కుడి కాలు నిజమైన బ్రేకు మీద ఉంది. బ్రేకు మీద తేలిగ్గా ఉంచిన కాలికీ, బ్రేకు లేని చోట నొక్కిపెట్టిన కాలికీ ఎంత తేడానో! ఒకసారి చక్రం రాయెక్కి కారు ఊగింది. ఎవరూ అరవలేదు. ఎవరి చెయ్యీ హ్యాండ్ బ్రేక్ మీద పడలేదు. "రండి... రండి... ఆగండి."

ఆగాను. లారీ మెల్లగా దిగి మమ్మల్ని దాటింది. డ్రైవరు చెయ్యెత్తాడు. ఈసారి నాకేసి చూసి.

గెలిచానని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నిజానికి వెనక్కి తగ్గింది నేనే కదా! చాలా రోజులు దాని గురించే ఆలోచించాను. చిన్నప్పటి నుంచీ మనకి సర్దుకుపోవడం, తప్పుకోవడం నేర్పుతారు. స్త్రీవాదం చదువుకున్నాక తప్పుకోకపోవడం నేర్చుకున్నాం. దారి వదలడమంటే ఓడిపోవడమని అనుకుంటూ వచ్చాను నేను. ఆ మలుపులో నాకు అర్థమైంది ఇంకొకటి. అంచుకి జరగడం వేరు, వెనక్కి నడపడం వేరు. అవతలివాళ్ళు చెయ్యి ఊపిన వైపుకి జరిగితే, మన కింద నేల ఉందో లేదో వాళ్ళకి పట్టదు. ఎక్కడ నేల గట్టిగా ఉందో తెలుసుకుని, ఎంత దూరం, ఎప్పుడు అని మనమే లెక్క వేసుకుని స్టీరింగ్ పట్టుకుని వెనక్కి పోతే, అది కూడా నడపడమే. అరకులో నా దగ్గర్నుంచి పోయింది ముందుకి వెళ్ళే హక్కు కాదు. వెనక్కి తియ్యడం కూడా నా చేతుల్లోనే జరగాలన్న సంగతి. ఆయనొక్క నిమిషం ఓపిక పట్టి "ఊఁ, రా" అని ఉంటే, నేనూ తీసేదాన్నే.

అయితే నా లెక్క నా తెలివి కాదు. ఆ అంచు సంగతి చెప్పినామెది. ఆమె మాటే లేకపోతే నా ఆత్మవిశ్వాసమంతా లోయలో ఉండేది.

నాలుగున్నర వేల మీటర్ల పైన కుంజుమ్ కనుమ. సముద్రమట్టంతో పోలిస్తే గాలి అరవై శాతం కంటే తక్కువ. పది అడుగులు వేస్తే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. కుంజుమ్ దేవి గుడి ఉంది. ఆడదేవతే. వచ్చే ప్రతి బండీ గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గానీ ముందుకి పోదు. రాతికి నాణెం ఆనిస్తే అతుక్కుంటే మంచిదట. లారీల వాళ్ళు ఆ దేవతకి ఎంత భక్తిగా మొక్కుతారో! ఆడదాన్ని గుడి మధ్యలో నిలబెట్టి చుట్టూ తిరగడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, స్టీరింగ్ వెనక కూర్చుంటేనే వెతుక్కోవాల్సొస్తుంది. నేనూ ప్రదక్షిణ చేశాను, కారుతోనే. నమ్మకముండి కాదు. ఆమె చూడని గుడిని నేను చూశాను గనక, సరిగ్గా చూడాలనిపించింది. రంగురంగుల ప్రార్థన జెండాలు గాలికి చిరిగిపోతున్నట్టు కొట్టుకుంటున్నాయి. ఇటు పడిన నీళ్ళు చంద్రా నదిలో కలిసి చీనాబ్ అవుతాయి. అటు పడినవి స్పితి నదిలో కలిసి సట్లెజ్‌లోకి పోతాయి. మళ్ళీ ఎక్కడో పాకిస్తాన్ మైదానాల్లో ఆ రెండు నదులూ కలుస్తాయి.

దిగడం హిస్టరీ మేడమ్ వంతు. కంకర మీద దిగేటప్పుడు బ్రేకుల మీదే ఆధారపడితే కాలిపోతాయి, చిన్న గేరులో ఇంజను పట్టు మీద దిగాలి. తను ఒకటో గేరులో దించుతూ, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా కథ చెప్పారు. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కి, పుట్టింటికి నడుపుకుంటూ వెళ్ళింది. వందకి పైగా కిలోమీటర్లు. కారులో అంత దూరం అప్పటికెవరూ వెళ్ళలేదు. ఎత్తుల్లో పిల్లలు తోశారు. దిగుళ్ళలో బ్రేకులు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్కలు కొట్టించింది. "చూశారా, మొట్టమొదటి దూరప్రయాణంలో డ్రైవరు ఆడమనిషే. బ్రేకుల సంగతి పట్టించుకున్నదీ ఆవిడే" అన్నారు. నేను నవ్వాను. నా కుడి కాలు చూసుకున్నాను. చాపి, వదులుగా ఉంది. లోసర్ ఊరి పచ్చటి బఠాణీ చేలు కనిపించేదాకా ఒక్క "జాగ్రత్త" కూడా అనలేదు. నాకది లారీ కంటే కష్టమైన పరీక్ష.

ఇంటికొచ్చాక ఓ పెళ్ళిలో మా ఆయన అలవాటుగా అరకు కథ మొదలుపెట్టారు. "ఆ కథ నేను చెప్తాను" అన్నాను. బస్సు సంగతి, హ్యాండ్ బ్రేక్ సంగతి, "దిగు" అన్న సంగతి, ఎక్కే బండి రూలు సంగతి, అన్నీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో, "ఆ రోజు నాకు చాలా భయమేసింది" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి విన్నాను. "నాకూ వేసింది" అన్నాను. ఆయన కాలు ఇప్పటికీ బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. నేను నడుపుతూనే ఉంటాను.

కానీ నాకు తరచూ గుర్తొచ్చేది ఆయన కాదు, లారీ కాదు, గుడి కూడా కాదు. ఆ అంచు. ఏటా శీతాకాలం ఆ కనుమ మంచు కింద నెలల తరబడి మూతపడుతుంది. మంచు కరిగినప్పుడు రోడ్డులో కొంత భాగాన్ని తనతో తీసుకుపోతుంది. మళ్ళీ ఎవరో వచ్చి రాయి కొట్టాలి, తట్ట మోయాలి, అంచు పోయాలి. అంట్లు తోమినట్టు, బట్టలు ఉతికినట్టు, ఎంత చేసినా చేసినట్టు కనిపించని పని, చెయ్యకపోతే మాత్రం అందరికీ కనిపించే పని. ఆ దారి గురించి రాసినవాళ్ళంతా మంచు కొండల గురించి రాశారు. నేనూ మొదలుపెట్టినప్పుడు కొండల గురించే రాద్దామనుకున్నాను.

ఎర్ర సాక్సుల పిల్లకి ఇప్పుడు నడక వచ్చేసి ఉంటుంది. వాళ్ళమ్మ ఆ గుడి చూసిందో లేదో.